రోజురోజుకీ తాజా అవుతున్న రొయ్య

ఆ రోజు పొద్దున డ్రైవింగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. హాల్లో కిటికీ పక్కన కొత్తగా పెట్టిన ఉప్పునీళ్ళ అక్వేరియంలో ఒక పచ్చిరొయ్య వెయ్యాలి, అది కుళ్ళేదాకా ఊరుకోవాలి. ఊరుకోవడం ఆయనకు వృత్తి. నేర్చుకునేవాళ్ళు నడిరోడ్డు మీద బండి ఆపేసి బిక్కమొహం వేస్తుంటే, పక్కసీట్లో రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఊరుకుంటున్న మనిషి.

అక్వేరియం అమ్మిన చేపల కొట్టాయన చెప్పిన శాస్త్రం ఇదీ: రొయ్య కుళ్ళితే నీళ్ళలో విషం పుడుతుంది. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ విషాన్ని తిని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. తర్వాత మరో రకం జీవులు పుట్టి, నైట్రైట్‌ను తిని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ కాస్త నెమ్మదస్తురాలు, నీళ్ళు మారిస్తే పోతుంది. నైట్రైట్ సున్నాకి దిగిన రోజున చేపను వదలొచ్చు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కిటికీ పక్క చోటు మాస్టారి భార్య కుట్టుమిషనుది. ఇప్పుడది వంటింటి గుమ్మం దగ్గర చీకట్లో కూర్చుంది. "నెలాఖరుకి ఇందులో చేప తిరగాలి. లేదంటే మీ ట్యాంకు బయటికి, నా మిషను కిటికీ దగ్గరికి" అని ఆమె తేల్చేసింది. సముద్రపు చేపను పెంచాలన్నది మాస్టారికి చిన్నప్పటి కోరిక. ట్యాంకు మాటెత్తితే మిషను మాట వస్తుందని రొయ్య సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అదే కొంప ముంచింది.

ముందు చూసింది ఇంట్లోనే ఉంటున్న అత్తగారు. అల్లుడు ముచ్చటపడి తెచ్చుకున్న ప్రాణి తెల్లగా పాలిపోయి పడివుంది. అయ్యో అనుకుని, బజారుకెళ్ళి అదే సైజులో తాజా రొయ్యను తెచ్చారు. పాతదాన్ని పుల్లతో రాయి వెనక్కి నెట్టి, కొత్తదాన్ని అదే చోట పడుకోబెట్టారు. రొయ్యలన్నీ ఒకే పోలికలో ఉంటాయి కదా అని ఆవిడ ధీమా.

మర్నాడు మాస్టారు చూస్తే రొయ్య నిగనిగలాడుతోంది. ఆయన మొహం వాడిపోయింది. ఆ మొహాన్ని భార్య చూసింది. రొయ్యకు ఒంట్లో బాగోలేదని బెంగ పెట్టుకున్నారనుకుంది. రెండు రోజులాగి అది మళ్ళీ పాలిపోగానే, తన కొలతల స్కేలుతో దాన్ని రాయి వెనక్కి నెట్టి, ఇంకో తాజా రొయ్యను వేసింది. ఆయన మొహం ఇంకా వాడింది. అలా మొహం వాడినప్పుడల్లా రొయ్య మారింది, రొయ్య మారినప్పుడల్లా మొహం వాడింది. తల్లి చేస్తున్న పని కూతురికి తెలీదు, కూతురిది తల్లికి తెలీదు.

మాస్టారు చేపల కొట్టాయనకు ఫోను చేశారు. "రొయ్య కుళ్ళడం లేదయ్యా. రోజురోజుకీ తాజా అవుతోంది."

"తాజా అవడమేంటి సార్?"

"నిన్న మీసం విరిగింది. ఇవాళ మళ్ళీ మొలిచింది."

"నేనెప్పుడూ వినలేదు సార్. పోనీ ఇంకోటి వేసి చూడండి."

మాస్టారు వేశారు. నైట్రైట్ పరీక్షకని సీసాలో పట్టి మందు చుక్కలు వేసిన నీళ్ళు వంకాయ రంగుకి తిరిగాయి, అంటే విషం నిండా ఉన్నట్టు. ఇల్లంతా వాసన. బట్టలు కుట్టించుకునేవాళ్ళు గేటు బయటే నిలబడి కొలతలిచ్చారు. వాసన మాస్టారి చొక్కాలకూ పట్టింది. రెండో గేరు దాటి ఎరగని శిష్యుడొకడు క్లాసు తొందరగా ముగించాలని ఏకంగా నాలుగో గేరు వేశాడు.

నెలాఖరు దగ్గరపడింది. ఈ ట్యాంకు పాడైతే లాభం ఎవరికి? మాస్టారికి ఒక్కరే కనబడ్డారు. ఒక మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి ఇంటికొచ్చేసరికి, భార్య ఒక చేత్తో స్కేలు, ఇంకో చేత్తో రొయ్య పట్టుకుని ట్యాంకు మీదికి వంగివుంది.

"అనుకున్నా! మిషను చోటు కోసం నా నీళ్ళు పాడుచేస్తోంది నువ్వేనన్నమాట!"

"పాడుచెయ్యడమా? చచ్చిపోయిన మీ రొయ్యని ఇన్నాళ్ళూ బతికించుకొస్తోంది నేనండీ!"

"బతికించమని ఎవరన్నారు? అది వచ్చిందే చచ్చి! అది కుళ్ళాలనే కదా రోజూ పొద్దున్నే లేచి చూస్తున్నా!"

ఆమె స్కేలు దించింది. "నాకేం తెలుసు? దాన్ని చూసి రోజూ ఆ మొహంతో బయటికెళ్తుంటే చూడలేకపోయాను. మిషను చీకట్లో ఉంటే ఉంది, ముందు మీరు నవ్వితే చాలనుకున్నాను."

అనుమానించినందుకు మాస్టారికి సిగ్గేసింది. ఆమె చేతిలోని రొయ్యను అందుకుంటున్న సమయానికి అత్తగారు బజారు నుంచి వచ్చారు. సంచీలో ఒకే ఒక్క రొయ్య ఉంది.

రాయి ఎత్తి చూస్తే వెనక రొయ్యల శ్మశానం. అన్నీ తీసిపారేసి, ముగ్గురూ ముక్కులు మూసుకుని ఎదురుచూశారు. వంకాయ రంగు మర్నాటికి పలచబడింది. నెలాఖరు రోజు పొద్దున నైట్రైట్ సున్నా.

చూడ్డానికొచ్చిన చేపల కొట్టాయన నోరు వెళ్ళబెట్టాడు. "ఇంత మేత తిని మీ ట్యాంకులో సూక్ష్మజీవులు సైన్యంలా పెరిగాయి సార్! మామూలుగా ఒక్క చేపతో మొదలెట్టమంటాను. మీరు జంటనే వదలొచ్చు. కాకపోతే నైట్రేట్ మండిపోతోంది, ముందు నీళ్ళు మార్చండి."

మధ్యాహ్నమంతా ముగ్గురూ బకెట్లు మోశారు. సాయంత్రానికి రెండు నారింజరంగు చేపలు రాయి చుట్టూ తిరుగుతున్నాయి. మాస్టారు చాలా రోజుల తర్వాత నవ్వారు. మిషనుకు కిటికీ పక్క చోటిచ్చి, ట్యాంకునే గోడవైపు జరుపుతానన్నారు. భార్య ఒప్పుకోలేదు. మిషనునే ట్యాంకు పక్కకు లాక్కొచ్చి, "కిటికీ కన్నా ఈ ట్యాంకు లైటే నయం. సూదిలోకి దారం ఇట్టే ఎక్కుతోంది" అంది.

మర్నాడు బజారులో రొయ్యలమ్మే ఆవిడ అత్తగారిని ఆపి, "ఒక్కో రొయ్యే పట్టుకెళ్ళేవారు, ఈమధ్య రావట్లేదేంటమ్మా? మీ పిల్లి పోయిందా పాపం?" అని పరామర్శించింది.