ఎనిమిది గుమ్మాల చెప్పులు

ఆ శుక్రవారం పొద్దున భీమేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు పిల్లలు వస్తారు, పదకొండున్నరకు పాఠం ముగుస్తుంది, ఆ తర్వాత ఇంత పప్పుచారన్నం తిని రెండో షిఫ్టుకు ఫ్యాక్టరీకి వెళ్ళాలి. ఫరీదాబాదులో ఎనిమిది ఫ్లాట్లున్న ఓ బ్లాకులో రెండో అంతస్తు అతనిది. ట్రాక్టరు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. ఆదివారాలు తెలుగు క్రైస్తవ సంఘంలో పిల్లలకు పాఠం చెప్పేవాడు, వేసవి సెలవుల్లో పది రోజులు తన ముందు గదిలోనే బడి నడిపేవాడు. పేరు తాతగారిది. తాతగారు ఏలూరు దగ్గర బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మార్చుకోవడం మరిచిపోయారు. ఆ పేరులోని భీముడు మాత్రం వంశంలో ఎవరికీ దిగలేదు, మనవడికి అసలే దిగలేదు.

అది రెండువేల ఒకటి మే నెల. ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ నల్లకోతి భయం పట్టుకున్న రోజులు. అది మనిషంత ఉంటుందని కొందరు, పిల్లంత ఉంటుందని కొందరు, ఇనుప గోళ్ళున్నాయని కొందరు, హెల్మెట్ పెట్టుకుంటుందని ఇంకొందరు. చూసినవాళ్ళు ఎవరో తెలియదు గానీ చూశామన్నవాళ్ళు మాత్రం వీధికి నలుగురు తేలారు. ఎండలకు డాబాల మీద పడుకునే జనం పరుపులు చుట్టుకుని కిందికి దిగిపోయారు. భీమేశ్వరరావు ఇంట్లో అయితే తలుపుకు గడియ, గడియకు తాళం, ఆ తాళానికి సాయంగా నిండు గ్యాస్ సిలిండరు. పొద్దున్నే పాలవాడికి తలుపు తీయాలంటే దయామణి ముందు సిలిండరు దొర్లించుకోవాలి. ఆవిడ వారం రోజుల నుంచి భర్త అడ్డం పెట్టిన ఆ సిలిండరును రోజూ దొర్లిస్తూనే ఉంది.

పిల్లలు నలుగురు. తన కూతురు అక్షర, పై అంతస్తు భానుమతిగారి అమ్మాయి చాందిని, కింద ఉండే గోపీకృష్ణ పిల్లలిద్దరు. భానుమతిగారిది సంఘం కాదు, పాటలకోసం, బిస్కట్లకోసం పిల్లను పంపేది. ఆ రోజు పాఠం ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి. దుమ్ము కాళ్ళు కడగడం ఇంట్లో అందరికంటే చిన్న నౌకరు పని అని, పెద్దవాడు వంగి ఆ పని చేయడమే ప్రేమ అని భీమేశ్వరరావు చెప్పాడు. చెప్తుంటే అతనికే ఊపొచ్చింది. ఆ ఊపులో ఒక ఇంటిపని కూడా ఇచ్చేశాడు. బ్లాకులో వాళ్ళకు ఏదైనా సేవ చేయాలి, చేసినట్టు ఎవరికీ తెలియకూడదు.

"అమ్మకి కూడానా అంకుల్?" అంది చాందిని.

"అమ్మకి కూడా. ఇదిగో, రేపు నేనే వచ్చి అడిగాననుకోండి, నాకూ చెప్పకూడదు. తెలిసిందా? మెప్పుకోసం చేస్తే అది సేవ కాదు."

నలుగురూ చేతులెత్తి ఒట్టు పెట్టుకున్నారు. ఫ్యాక్టరీకి వెళ్తూ దారంతా భీమేశ్వరరావు తన పాఠాన్ని తానే మెచ్చుకున్నాడు. ఆ రాత్రి అక్షర చాందిని ఇంట్లో పడుకుంటానని పై అంతస్తుకు వెళ్ళింది.

శనివారం ఆరు గంటలకు బ్లాకంతా గోల. ఎనిమిది గుమ్మాల ముందూ చెప్పులు లేవు. ఒక్క జత కాదు, ఒక్క ఇల్లు కాదు. వెతగ్గా వెతగ్గా డాబా మీద దొరికాయి. నీళ్ళ ట్యాంకు పక్కన వరసగా పేర్చి ఉన్నాయి, బూట్లు, చెప్పులు, హవాయిలు అన్నీ తడి ముద్ద. కింద అంతస్తు భల్లాగారి కొత్త తోలు బూట్లు నీళ్ళు తాగి ఉబ్బిపోయాయి. అన్నింటికంటే భయంకరమైన సంగతి మెట్ల మీద ఉంది. కింది నుంచి డాబా దాకా, డాబా నుంచి కింది దాకా, తెల్లగా ఆరిపోయిన చిన్న చిన్న అడుగుల గుర్తులు.

సొసైటీ సెక్రటరీ చౌధరీగారు మాజీ సుబేదారు, మొదటి అంతస్తు. ఆయన ఆ అడుగుల ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఇవి పిల్లలవి కావచ్చునా అన్నాడు. అప్పుడు అందరూ భీమేశ్వరరావు వైపు చూశారు. కొలతలు చూడటమే అతని ఉద్యోగం కదా. అతను స్టీలు స్కేలు తెచ్చాడు. వంగి కొలిచాడు. ఆరున్నర అంగుళాలు. అంతవరకే చెప్పి లేచి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆ గుర్తులు తన గుమ్మం ముందు నుంచే పోయాయన్న తలపు రాగానే అతనికి చెమటలు పట్టాయి, భయపడ్డ కళ్ళకు ఆ గుర్తుల వేళ్ళ మధ్య ఎడం ఎక్కువగా కనబడింది. ఇది మనిషి పాదం కాదు అనేశాడు. పన్నెండేళ్ళ అనుభవం ఉన్న ఇన్‌స్పెక్టరు మాట గనక ఇంక ఎవరూ వాదించలేదు.

శనివారం ఫ్యాక్టరీకి సెలవు. పది గంటలకు పాఠం బదులు కానిస్టేబులు వచ్చాడు. ఏ జంతువు పాదమో రాసివ్వమంటే భీమేశ్వరరావు వంకర హిందీలో అర పేజీ రాసి సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి పక్క రెండు బ్లాకుల వాళ్ళు ఆ అడుగులు చూసి వెళ్ళారు. సాయంత్రానికి ఆ అడుగులకు గోళ్ళు మొలిచాయి. చౌధరీగారు ముగ్గురు మనుషులను పోగుచేసి, మర్నాడు తెల్లవారుజామున డాబా మీద కాపు కాయాలని తీర్మానించాడు. నిపుణుడు గనక భీమేశ్వరరావు కూడా రావాలన్నాడు. అతను అక్కడికక్కడే కడుపు పట్టుకున్నాడు.

కడుపునొప్పి అబద్ధమే గానీ ఇంటికి వచ్చాక నిజమయింది. దయామణి వంటింట్లో గొణుక్కుంటోంది. నిన్న తెచ్చిన కిలో సబ్బుపొడి అయిపోయిందట, పళ్ళు తోముకునే బ్రష్షులు రెండు కనబడటం లేదట. భీమేశ్వరరావు మెల్లిగా వెళ్ళి టీవీ ముందు కూచున్న అక్షర చేతులు తిప్పి చూశాడు. అరచేతులు సబ్బుపొడికి కంది ఉన్నాయి, గోళ్ళ సందుల్లో నల్లగా బూట్ పాలిష్. కాళ్ళు కడగబోతే ఎవరూ ఊరుకోరు గనక, పిల్లలు కాళ్ళకు తొడిగేవి కడిగారన్నమాట.

"అక్షరా, చెప్పులు మీరేనా?"

అక్షర మొహం వెలిగిపోయింది. అయినా మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

"నేనేగా ఒట్టు పెట్టించింది, నేనే తీసేస్తున్నా. చెప్పమ్మా."

"టెస్ట్ లే రహే హో నా, డాడీ? పరీక్ష పెడుతున్నారు, నేను చెప్పను."

చాందినిని అడిగితే చేతులు వెనక్కి పెట్టుకుని ఏ చెప్పులంకుల్ అంది. గోపీకృష్ణ పిల్లలు మాస్టారి పరీక్షలో నెగ్గామని ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. తన పాఠం ఇంత బాగా ఎక్కినందుకు జీవితంలో మొదటిసారి భీమేశ్వరరావుకు ఏడుపొచ్చింది. చీకటిపడే వేళ అక్షర బాల్కనీలోంచి పైకి చూసి చాందినితో అంటున్న మాట వినబడింది. "కల్ భీ. పాంచ్ బజే. చెప్పుల కింది అడుగులు కడగడం మిగిలిపోయింది."

రేపు కూడా, ఐదు గంటలకు. అంటే చౌధరీగారి మనుషులు కర్రలు పట్టుకుని ట్యాంకు వెనక కూచునే వేళకే.

వెంటనే కిందికి పరుగెత్తాడు. నిజం చెప్పేద్దామనే వెళ్ళాడు. చౌధరీగారు వరండాలో కూచుని లాఠీకి ఇనుప తీగ చుడుతున్నాడు. భీమేశ్వరరావు నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నాడు. కోతి అయితే సరే, కోతి పేరు చెప్పుకుని ఎవడైనా తమాషా చేస్తుంటే మాత్రం వాడివీ, వాడికి వత్తాసుగా పోలీసులకు దొంగ కాగితం రాసిచ్చినవాడివీ కాళ్ళు విరగ్గొడతానన్నాడు. భీమేశ్వరరావు తీగ చాలా గట్టిగా చుట్టారని మెచ్చుకుని తిరిగి వచ్చేశాడు. మెట్లెక్కుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. అక్షరను గదిలో పెట్టి తాళం వేయగలడు. మిగతా ముగ్గురినీ ఏం చేస్తాడు? చీకట్లో డాబా తలుపు తోసుకుని వచ్చే మూడున్నర అడుగుల పిల్లను కోతి అనుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కోతి ఉందని సంతకం పెట్టినవాడు తనే.

కంటిమీద కునుకు లేకుండా ఆలోచిస్తే ఒక ఉపాయం తట్టింది. కడగడానికి చెప్పులే లేకపోతే పిల్లలు వెనక్కి వెళ్ళిపోతారు కదా.

నాలుగున్నరకు సిలిండరు జరిపి బయటికి వచ్చాడు. ఎవరూ గుర్తుపట్టకుండా తలకు నల్ల తువ్వాలు చుట్టాడు, చేతిలో ఖాళీ బియ్యం బస్తా. కింది గుమ్మం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క జతా బస్తాలో వేసుకుంటూ వచ్చాడు. ప్రతి తలుపు దగ్గరా ఆగి లోపలి చప్పుడు విన్నాడు. భానుమతిగారి గుమ్మం ముందు ఆఖరి జత వేసేసరికి బస్తా పిల్ల ఏనుగంత బరువయింది. ఇక రెండో అంతస్తుకు దిగి ఇంట్లో దూరడమే. ఇంకా ఐదు కాకుండానే కింద తలుపు గడియ చప్పుడయింది. తర్వాత మెట్ల మీద మెత్తని అడుగులు, బకెట్టు తగిలిన చప్పుడు. వాళ్ళకు దొరికితే చెప్పుల దొంగను చూసినట్టు చూస్తారు, తన పిల్ల తనను అలా చూడటం అతను భరించలేడు. కిందికి దారి లేదు. బస్తా వీపున వేసుకుని డాబా మీదికే పరుగెత్తాడు.

చౌధరీగారి మనుషులు నాలుగింటికే వచ్చి కూచున్నారన్న సంగతి అతనికి తెలియదు. వాళ్ళకు కనబడిందల్లా నల్ల తల, ఇంతెత్తు గూని, రొప్పుతూ తలుపు తోసుకొచ్చిన ఆకారం. మొదటి దెబ్బ బస్తాకు తగిలింది. రెండోది ఎడమ మోకాలికి. భీమేశ్వరరావు కింద పడి, "బాబోయ్, నేనండీ, కొట్టకండీ" అన్నాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు హిందీ ఎక్కడ గుర్తుంటుంది? అది ఏదో భాష మాట్లాడుతోందని ఒకడు వెనక్కి గెంతాడు. చౌధరీగారు గెంతలేదు, తీగ చుట్టిన లాఠీ రెండు చేతులా ఎత్తాడు.

అప్పుడు డాబా తలుపు మళ్ళీ తెరుచుకుంది. గుమ్మాల ముందు చెప్పులు కనబడక, పైన గోల విని, బకెట్టు, మగ్గులు, బ్రష్షులు, సబ్బుపొడి పట్టుకుని పిల్లలు వచ్చారు. నలుగురు కాదు, ఐదుగురు. అందరికంటే ముందు, ఎండాకాలం జలుబని తలకు నల్ల స్కార్ఫు కట్టుకుని, చౌధరీగారి మనవరాలు గుడియా. సేవ సంగతి అక్షర ఆ పిల్లకు హిందీలో చెప్పి ఒట్టు పెట్టించుకుందని తర్వాత తెలిసింది.

"దాదాజీ?" అంది గుడియా.

లాఠీ గాలిలో అలాగే ఉండిపోయింది. ఆయన ఒకసారి మనవరాలి వైపు, ఒకసారి కింద పడి ఉన్న భీమేశ్వరరావు వైపు చూశాడు. ఈ తలుపులోంచి మొదట ఎవరు రావాల్సిందో ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక లాఠీ కింద పెట్టి, ట్యాంకుకు ఆనుకుని కూలబడి, గుడియాను దగ్గరికి లాక్కున్నాడు. పాత సైనికుడు అందరి ముందూ ఏడ్చేశాడు.

భీమేశ్వరరావు కింద కూచునే అంతా చెప్పాడు. పాఠం, ఒట్టు, ఆరున్నర అంగుళాలు, సంతకం, ఏదీ దాచలేదు. వారం రోజులుగా గుండెలో పెట్టుకు తిరుగుతున్న భయం ఆ మాటలతోపాటే దిగిపోయింది. అక్షర మాత్రం చాలా బాధపడింది.

"మేం ఒక్కళ్ళం కూడా చెప్పలేదు, డాడీ. మీరే చెప్పేశారు."

చౌధరీగారు లేచి వచ్చి అతనికి చేయి అందించాడు. "అచ్ఛా హువా, మాస్టర్జీ, ఆప్ పెహలే ఆ గయే" అన్నాడు. మీరు ముందు రావడం మంచిదయిందంటూ అతని వీపు మీది దుమ్ము దులిపాడు. గోల విని పైకి వచ్చిన భల్లాగారు తన బూట్లు బస్తాలోంచి తీసుకుని, వాటి కింది అడుగులు చూసి, ఇవి నిజంగానే కడగాల్సినవేనని ఒప్పుకున్నాడు.

మొదటి దెబ్బ పడగానే ఎవడో ఫోను చేసినట్టున్నాడు, ఇంతలో కానిస్టేబులు వచ్చాడు. కోతి ఏదని అడిగాడు. భీమేశ్వరరావు కుంటుకుంటూ ముందుకు వచ్చాడు. పిల్లలు చూస్తున్నారు.

"కోతి నేనేనండీ. నిన్న రాసిచ్చింది కూడా అబద్ధమే. భయంతో రాశాను. రాసుకోండి."

కానిస్టేబులు అతన్ని ఆపాదమస్తకం చూసి నిట్టూర్చాడు. ఈ వారంలో తనకు ఇలాంటి ఫోన్లు పదకొండు వచ్చాయని, పై అధికారులు జంతువును అడుగుతున్నారని, ఆదివారం పంతుల్ని పట్టుకెళ్ళి చూపిస్తే తన ఉద్యోగం ఉండదని చెప్పాడు. భీమేశ్వరరావు ఎంత బతిమాలినా నిజం రాసుకోలేదు. ఆకారం దెబ్బలు తిని పక్క డాబా మీదికి దూకి పారిపోయిందని తనకు తోచినట్టు రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. పిల్లలు ఆ పూట మిగిలిన చెప్పుల అడుగులన్నీ పట్టపగలు, అందరి ముందే కడిగారు. నీళ్ళు చౌధరీగారు పోశాడు.

మర్నాడు పేపరులో, ఫరీదాబాదులో కనబడి పారిపోయిన వింత జంతువు ఎడమ కాలు కుంటుతోందని, అలా కుంటేది ఏది కనబడినా ప్రజలు వెంటనే పోలీసులకు తెలియజేయాలని వచ్చింది. భీమేశ్వరరావు ఆ ముక్క రెండుసార్లు చదివి, మోకాలు నయమయ్యే వరకు ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు.