ప్రభాకరరావు గారి మహిళా ఓటు హక్కు చరిత్ర సభ

మహిళల ఓటు హక్కు పోరాటానికి ఎట్టకేలకు ఒక మగదిక్కు దొరికింది. ఆ దిక్కు మా ఊరి ప్రభాకరరావు గారు. "నా ఊళ్ళో ఏ ఆడకూతురూ తన హక్కు చరిత్ర తెలియకుండా ఓటెయ్యటానికి నేను ఒప్పుకోను" అని పంచాయతీ పోలింగుకి మూడు రోజుల ముందు ప్రకటించారు. విలేకరిని కాబట్టి భక్తిగా రాసుకున్నా.

సర్పంచ్ సీటు మహిళలకి రిజర్వయింది. అందుకని పోటీలో ఆయన భార్య దేవిక గారున్నారు. ఫ్లెక్సీలో ప్రభాకరరావు గారు నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతుంటారు. కింద మూలన "వారి సతీమణి" అని రెవెన్యూ స్టాంపంత ఫోటో. పేరుకి చోటు చాల్లేదు.

"ఎన్నికల కోడ్ ఉంది గదండీ, సభ ఎట్టా?" అని అడిగా.

"ఒరేయ్ శ్రీహరీ, ఇది ప్రచారం కాదు, చరిత్ర. చరిత్రకి కోడ్ ఏందిరా?"

నాకా పాయింటు తట్టనే లేదు. పెద్దవాళ్ళు ఊరికే అవుతారా!

మా ఊరి పద్ధతి చెప్పాలి. ప్రతి ఎన్నికలకీ ఆయన మనిషి పుల్లారావు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళ ఓటరు స్లిప్పులు సంచిలో వేసుకుంటాడు. "ఎండ మండిపోతంది, మీకెందుకమ్మా లైన్లో నిలబడే ఖర్మ, మేం చూసుకుంటాం" అంటాడు. చూసుకుంటారు కూడా. అందుకే మా ఊళ్ళో మహిళల పోలింగు నూటికి తొంభై తొమ్మిది. చచ్చిపోయినోళ్ళు కూడా శ్రద్ధగా వేస్తారు.

ఈసారి పోలింగు బూతులో కెమెరా పెడతామని ఆఫీసర్లన్నారు. పైగా బట్టలు కుట్టే షాహిదా పిన్ని అడ్డం తిరిగింది. ఆమెకి అరవై ఏళ్ళు.

"నలభై ఏళ్ళ నించి నా ఓటు పడతానే ఉంది. ఎవడికి పడిందో నాకు ఒక్కసారీ తెలీదు. చచ్చేలోపు ఒక్క ఓటన్నా నా చేత్తో నేనేసుకుంటా, పో!" అని పుల్లారావు మొహానే చెప్పింది. అది విని మిగతా ఆడవాళ్ళూ స్లిప్పులు ఇచ్చేది లేదన్నారు. పుల్లారావు ఖాళీ సంచితో తిరిగొచ్చాడు. ప్రభాకరరావు గారికి చరిత్ర మీద ఆసక్తి పుట్టింది ఆ సాయంత్రమే.

సభకి నరసరావుపేట నించి నీలిమ అనే లెక్చరర్ని పిలిపించారు. ఆమె, పాపం, నిజంగానే చదువుకుని వచ్చింది. మద్రాసు రాజధానిలో 1921లోనే ఆడవాళ్ళకి ఓటొచ్చిందనీ, అదీ ఆస్తి ఉన్నవాళ్ళకేననీ చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి ఎన్నికలప్పుడు, సొంత పేరు చెప్పకుండా 'ఫలానావారి భార్య' అని రాయించుకున్న ఆడవాళ్ళని లక్షల మందిని జాబితాలోంచి కొట్టేశారంది.

"ఎంత అన్యాయం!" అని ప్రభాకరరావు గారు కళ్ళు తుడుచుకున్నారు. లెక్చరర్ గారికి శాలువా కప్పి, బస్సు టైమైందని ఆయనే కారెక్కించి పంపారు.

తర్వాత అసలు కార్యక్రమం మొదలైంది. "ఆ త్యాగాలకి గుర్తుగా ప్రతి ఆడకూతురి ఎడమ చూపుడువేలికీ గౌరవ తిలకం" అన్నారు. పుల్లారావు సీసా, పుల్ల పట్టుకుని బయల్దేరాడు. మొదటి చుక్క దేవిక గారికి పెట్టబోతే ఆవిడ ఏదో అనబోయారు. ప్రభాకరరావు గారు "నువ్వుండవే" అన్నారు. ఆవిడ ఉన్నారు.

"ఏందయ్యా ఇది? మగాళ్ళు ఓటేసొచ్చినప్పుడు వేలికుండేదేగా?" అంది షాహిదా పిన్ని.

"అదే పిన్నీ. ఇన్నాళ్ళూ మగాళ్ళకే పెట్టారు. ఎంత అన్యాయమో చూడు!"

బూతు గడప ఎన్నడూ తొక్కని మనిషి. మురిసిపోయి చెయ్యి చాపింది. నాలుగు వందల పన్నెండు మంది చాపారు.

పోలింగు రోజు ఏడింటికల్లా లైన్లో మొదట నిలబడింది షాహిదా పిన్నే. పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుని, కార్డు గుప్పిట్లో పట్టుకుని వచ్చింది. లోపలి ఆఫీసరు వేలు చూశాడు.

"వేసేశారు కదమ్మా."

"ఎక్కడేశా? ఇప్పుడే గదయ్యా వచ్చింది!"

"మరి ఈ సిరా?"

"అది సభలో పెట్టారయ్యా! చరిత్రంట!"

"సభలో సిరా ఎందుకు పెడతారమ్మా? చెప్తే నమ్మేట్టుండాలి. నెక్స్ట్!"

ఆయన తప్పేం లేదు, నిజంగానే నమ్మేట్టు లేదు. నాలుగు వందల పన్నెండు మందీ అట్టాగే వెనక్కొచ్చారు. అందులో అభ్యర్థి దేవిక గారు కూడా ఉన్నారు. మధ్యాహ్నం లెక్కిస్తే మగవాళ్ళ ఓట్లతో ఆవిడకే మంచి మెజారిటీ వచ్చింది. "ప్రతి మహిళ వేలికీ సిరా ఉన్న ఏకైక గ్రామం మాది" అని ప్రభాకరరావు గారు దండలు వేయించుకున్నారు.

బూతు బయట షాహిదా పిన్ని నన్ను పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. ఆ వేలు నా కెమెరా మీదకి పొడిచినట్టు పెట్టి, "రాయరా శ్రీహరీ! ఇది నేనేసిన ఓటు కాదని రాయి! నీకు పుణ్యముంటది, అబ్బయ్యా, రాయి!" అని అరిచింది. నాకు గుండె చివుక్కుమంది. ఆ చివుక్కులోనే క్లిక్ కొట్టా.

ఫోటో అద్భుతంగా వచ్చింది. మర్నాడు జిల్లా ఎడిషన్ మొదటి పేజీలో వేశారు. కింద వాక్యం నేనే రాసిచ్చా: "అరవయ్యో ఏట తన చేత్తో తొలి ఓటేసి, ఆనందబాష్పాలతో వేలు చూపిస్తున్న షాహిదా."