ముక్కుతో మొదలయ్యే ప్రధానమంత్రి

ఫ్రాన్సులో కొత్త ప్రధానమంత్రి గద్దెనెక్కగానే, అక్కడికి వేల మైళ్ల దూరంలో ఉన్న ఒక టీవీ కేంద్రంలో ఉచ్చారణా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఆయన ఇంటిపేరును ఇంగ్లీషు వార్తల్లో ఎలా పలకాలన్నది సమస్య. ఆయన ఏం చేస్తాడన్నది సంఘం పరిధిలోకి రాదు. ఆ పేరును ఇక్కడ అచ్చువేయడానికి సంఘం అనుమతి ఇంకా అందలేదు.

సభ్యులు ముగ్గురు. అధ్యక్షుడు ఒకప్పుడు పారిస్ విమానాశ్రయంలో పదకొండు గంటలు ఇరుక్కుపోయిన అనుభవశాలి. రెండో ఆయన ముప్ఫై ఏళ్లు పోస్టులో పాఠాలు పంపి ఫ్రెంచి నేర్పిన పండితుడు. ఫ్రెంచివాళ్ల మాట చెవిన పడితే తన ఉచ్చారణ చెడుతుందని జాగ్రత్తగా ఉంటాడు. మూడో ఆయనది ఇంగ్లీషు పక్షం. ఇంగ్లీషువాళ్లు ఎలా తప్పు పలుకుతారో అలాగే తప్పు పలకడం ఒప్పని ఆయన సిద్ధాంతం. ఇంటిపేరుకు ముందు ఫ్రెంచివాళ్లు తగిలించే ‘ద’ను పదవిలో ఉన్నంతకాలం ఉంచి, దిగిపోయాక తీసేయాలని ప్రతిపాదించిందీ ఆయనే. నాలుగు రోజుల వాగ్వాదం తర్వాత తీర్మానం వెలువడింది: ‘పేరును ముక్కుతో ప్రారంభించి నోటితో కొనసాగించవలెను. చివరి మూడు అక్షరాలు పలకరాదు. అయితే అవి ఉన్న సంగతి తమకు తెలుసునని చదివేవారు ముఖంలో సూచించవలెను.’

సూచించవలసిన ముఖం ఒక తాత్కాలిక వార్తాపాఠకురాలిది. ఆమె ఆరేళ్లుగా తాత్కాలికమే. గురువారం ఆరున్నర వార్తల్లో పేరు సరిగ్గా పలికితే ఉద్యోగం ఖాయం. తడబడితే ఇంటికే.

ఇంట్లో సాధన మొదలైంది. అత్తగారు గుమ్మంలో నిలబడి విన్నది.

“జలుబు చేసిందా ఏమిటే?”

“జలుబు కాదత్తయ్యా, ప్రధానమంత్రి.”

“ఎవరైతేనేం, కాస్త ఆవిరి పట్టు.”

మూడో రోజుకు ఆ పేరు ఆమెలో కాపురం పెట్టింది. బస్సులో టికెట్ అడుగుతున్నా సరే, తన గొంతును తనే కాపు కాసి వింటున్నట్టుండేది. సంఘం ఇప్పుడు ఆమె తలలోనే కూర్చుంటోంది, నలుగురు సభ్యులతో. నాలుగో సభ్యురాలు తనే. మిగతా ముగ్గురినైనా బతిమాలుకోవచ్చు గానీ ఆవిడ వినే రకం కాదు.

గురువారం మేకప్ ఆవిడ విసుక్కుంది. “అమ్మా తల్లీ, ఆ మూతి కాసేపు మామూలుగా పెట్టు. రంగు పళ్లకి అంటుతోంది.”

వార్త రెండే వాక్యాలు. సముద్రంలో పడవ మునిగినందుకు ప్రధానమంత్రి సంతాపం తెలిపాడన్నది మొదటిది. మునిగినవాళ్లు అరవై రెండు మంది, వాళ్లలో పిల్లలు పందొమ్మిది మంది అన్నది రెండోది. వాళ్ల ఇంటిపేర్లు రాలేదు కనుక సంఘానికి ఆ శ్రమ తప్పింది.

పేరు వచ్చింది. ముక్కు దగ్గర ఎత్తుకుంది, నోట్లో మెత్తగా దొర్లింది, మూడు అక్షరాల ముందు వినయంగా ఆగిపోయింది. స్టూడియో అద్దం వెనక అధ్యక్షుడు బొటనవేలెత్తాడు. ఆరేళ్ల బరువు ఒక్కసారిగా దిగింది. ఆమె నవ్వింది. నవ్వుతూ అరవై రెండు అంది. నవ్వుతూనే పందొమ్మిది అంది. ఆ తర్వాత గానీ తన ముఖం తనకు తెలియలేదు.

మర్నాడు ఉద్యోగం పోయిందనుకునే వచ్చింది. పోతే బాగుండునని లోపలెక్కడో అనుకుంది కూడా. ప్రేక్షకులు రాత్రికి రాత్రే గేటు దగ్గర ఇచ్చిపోయిన ఉత్తరాలు రెండు వందల పదకొండు. నూట అరవై మంది పేరు పలికిన తీరుకు పరవశించారు. నలభై మంది ముక్కు చాలలేదన్నారు. పదకొండు మంది రెండక్షరాలే వదలాలని ఆధారాలతో వాదించారు.

ఆమె మేకప్ ఆవిడను అడిగింది. “అక్కా, నిన్న నేను నవ్వానా?”

“నవ్వావు. ఎంత కళగా ఉందో! రోజూ అలా నవ్వొచ్చుగా?”

అధ్యక్షుడు అందరినీ పిలిచి, ఆమె ఉద్యోగం ఖాయం చేసిన ఉత్తర్వు చదివాడు. “మన సంస్థ చరిత్రలో ఒక ఇంటిపేరుకు ఇంతటి న్యాయం జరగడం ఇదే ప్రథమం!”

చప్పట్లు ఆగాక ఆమె మెల్లగా అంది. “అయ్యా, ఆ రెండో వాక్యం...”

“రెండో వాక్యంలో ఫ్రెంచి మాటలేం లేవు కదమ్మా.”

ఆమె సంతకం చేసి ఉత్తర్వు తీసుకుంది. ఆ నవ్వుకు ఒక్కరైనా తిట్టి ఉంటారేమోనని ఆ ఉత్తరాల కట్ట విప్పి మళ్లీ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది. మనం రాసినవీ అందులోనే ఉన్నాయి.