ఫోను లాకు సంగ్రామం

నాపరాతి ధూళిచే ధవళితమై, పాలిషు యంత్రాల రొదచే బధిరీకృతమై, మేఘుడు మొహం చాటేసినా సూర్యుడు మాత్రం హాజరు తప్పని బేతంచెర్ల సీమలో, ఒకానొక వేసవి పూట, బండల ఫ్యాక్టరీ టీ విరామమనే రణరంగంలోకి, చున్నీ నడుముకు బిగించి, ల్యాప్‌టాపును కవచంలా గుండెకు హత్తుకొని ప్రవేశించింది గోప్యతాశాస్త్ర ధురంధర, కర్నూలు పరిశోధక నాగలత.

ఇంట్లో ఎవరి ఫోను ఎవరు తెరవగలరన్నది ఆమె పరిశోధన. ఆ ఫ్యాక్టరీ కూలీలనే అడిగి, వాళ్ళు సరేనన్నాకే, పేర్లు చెరిపి వివరాలు రాసుకుంది. "వాళ్ళ ముందే చదువు. ఒక్కరైనా వాళ్ళకు దొరక్కుండా మిగిలితే నీ అధ్యాయానికి సంతకం పెడతాను. అందరూ దొరికారా, మళ్ళీ మొదటినుంచి రాయాల్సిందే" అని శాసించింది గైడు రత్నమణి మేడం. శాసించి, తానూ వచ్చి కూర్చుంది.

నాగలత శంఖం పూరించినట్టు చదివింది: "ఒక స్త్రీ. భర్త ఫోను తెరుస్తుంది. తనది మాత్రం ముట్టనివ్వదు."

"సుబ్బరత్నమ్మ!" అని దిక్కులు పిక్కటిల్లాయి. ఆ వీరనారి టీ గ్లాసెత్తి జేజేలు అందుకుంది. ఆ తర్వాతి వాళ్ళూ వరసగా దొరికిపోయారు. పేరు తీసేస్తే మనిషి మాయమవుతాడని ఏ గ్రంథం చెప్పిందో గాని, ఊరి నోటికి పేరుతో పనేముంది?

చివరి ఆశ మిగిలింది. "ఒక పురుషుడు. ఈయన ఫోను లాకు భార్యకు తెలియదు."

"ఆ మొగోన్ని నేనేనప్పా! నా లాకు నా పెండ్లానికి గాదు, ఆ బ్రహ్మదేవునికి గూడా తెల్దు!" అని గర్జించాడు సుబ్బరత్నమ్మ మొగుడు బొజ్జన్న. సుబ్బరత్నమ్మ అతని జేబులో ఫోను లాగి, తెరిచి, చేతిలో పెట్టింది. బొజ్జన్న కూలిపోయాడు. నేనంటే నేనని లేచిన తక్కిన వీరులందరిదీ అదే గతి. భార్య డోన్‌లో పుట్టింట ఉన్నందున ఓబుళేశు ఒక్కడే మీసం దువ్వుతూ నిలిచాడు.

అసలు మనిషి గోపన్న ఒక మూల బండ మీద టీ ఊదుకుంటున్నాడు. పక్కనే భార్య గిడ్డమ్మ.

"ఏం గిడ్డమ్మక్కా, మీ ఆయప్పది నీకు తెల్సునా?" అని సుబ్బరత్నమ్మ అడగనే అడిగింది.

నాగలత ల్యాప్‌టాపు కవచాన్ని మరింత గట్టిగా హత్తుకుంది. గిడ్డమ్మకు నిజంగా తెలియదు. ఆ మాట అన్నదా, అధ్యాయం గోవిందా!

గిడ్డమ్మ మొగుణ్ణి చూసింది, సుబ్బరత్నమ్మను చూసింది, కొంగు దోపుకొని లేచింది. "ఏం మాట్లాడతాండావు? నాకు తెల్కుండా మా ఇంట్లో ఏముండాది? ఆ లాకు పెట్టిచ్చిందే నేను! తెరిసి సూపీమంటావా? నా మొగుని ఫోను నీకెందుకు సూపీల?"

గోపన్నకు టీ పొలమారింది. నాగలతకు ఆ అబద్ధాలమ్మ కాళ్ళకు మొక్కాలనిపించింది.

"అయితే ఓబుళేశే!" అని సభ ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. కాదని నాగలత మేడం చెవిలో చెప్పగా, ఆమె నవ్వు ఆపుకుంటూ సంతకం చేసింది.

అప్పటికే గిడ్డమ్మ మొగుడి మీదికి వంగి, "ఇంగ జెప్పు, ఆ లాకెంత?" అని పళ్ళు కొరుకుతోంది. కొరకనీ! సంతకం పడిపోయింది. సకల రహస్యాలూ నడిబజారులో పడే ఈ కలియుగంలో, ఒక మగవాడి గుట్టు ఒక టీ చల్లారేదాకా నిలిచింది. నాగలతకు జయము! జయము!