చేరవలసిన వరుస

జిల్లా జనాన్నంతా ఒకే స్ప్రెడ్‌షీట్‌లోకి కాపురం మార్చినప్పుడు, మనిషికొక వరుస చొప్పున, ఇంటిపేర్ల అక్షరక్రమంలో కేటాయించారు. అల్లంశెట్టి గోవిందరావుకి షీటు మొదట్లోనే వరుస దొరికింది. అతని భార్య సుభాషిణి పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోలేదు. టెన్త్ సర్టిఫికెట్ దగ్గర్నుంచి పాన్ కార్డు దాకా అన్నీ మార్పించాలంటే తలప్రాణం తోకకొస్తుందని గోవిందరావే వద్దన్నాడు. దాంతో ఆవిడ యర్రంశెట్టి సుభాషిణిగానే ఉండిపోయి, షీటు అడుగున ఎక్కడో పడింది. ఇద్దరి మధ్యా లక్షల వరుసలు. మిగతా సౌకర్యాలకేం లోటు లేదు, కరెంటు పోయేదే కాదు.

పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుంటూ ఆవిడ పెట్టే కేకలు వినపడకపోతే గోవిందరావుకి తెల్లారినట్టే ఉండేది కాదు. నిద్రలో పక్కకి చెయ్యి చాస్తే తన పుట్టినతేదీ తగిలేది. పాపం, దాన్నే కాసేపు పట్టుకుని పడుకునేవాడు.

ఇలాంటివాళ్ళ కోసమే ఆఫీసువాళ్ళు మేక్రో సెక్షను పెట్టారు. మనిషి ఒక్కసారి తను చేరవలసిన చోటికి స్వయంగా నడిచి వెళ్ళిరావాలి. దాన్ని వాళ్ళు రికార్డు చేసుకుంటారు. ఆ తరవాత ఆదివారం ఆదివారం మీట నొక్కితే చాలు, మేక్రో అతన్ని అదే దారిలో తీసుకెళ్ళి తీసుకొస్తుంది. మనిషికి ఒక్కటే మేక్రో. అందరికీ ఇచ్చేశాక నడకదారికి తాళం వేస్తారు.

దరఖాస్తులో ‘చేరవలసిన వరుస’ అని ఒక గడి ఉంది. వాళ్ళడిగింది నంబరు. గోవిందరావు ‘భార్య’ అని రాశాడు. సెక్షనులో దాన్నెవరూ కొట్టెయ్యలేదు. పక్కన నంబరు వేసుకుని, ఆ మాటని కూడా అలాగే రికార్డుకెక్కించారు.

అతను నడిచాడు. గుడివాడవాళ్ళూ గుమ్మడివాళ్ళూ ఉన్న మలుపులో టీ తాగితే నాలుక చుర్రుమంది. చివరికి సుభాషిణి కనపడగానే భోరుమన్నాడు. "అన్నం తిన్నావా, సుభా?" అన్నాడు. ఆ తరవాత చాలాసేపు ఆవిడ మాటలు వింటూ కూర్చుండిపోయాడు. ఇదంతా రికార్డయింది. అందుకని ప్రతి ఆదివారం అదే మలుపులో నాలుక కాలేది, అదే ఏడుపు వచ్చేది, అదే ప్రశ్న అడిగేవాడు. కొత్తమాట ఒక్కటి కూడా నోట్లోంచి రాదు. సుభాషిణే ఆ వారం కబుర్లన్నీ చెప్పుకుపోయేది. మొగుళ్ళు మాట్లాడేది మామూలుగానే అంతంతమాత్రం కాబట్టి, చుట్టుపక్కల ఆడవాళ్ళెవరికీ ఇందులో వింత కనపడలేదు.

ఇంతలో జననాల ఫైలు కదిలి, పైనెక్కడో ఒక పసివాడికి వరుస మంజూరైంది. వెంటనే ఎన్నికల కోడ్ వచ్చి ఫైలు ఆగిపోయింది. ఆ ఒక్క వరుస చొరబడినందుకు కిందివాళ్ళంతా ఒక్కో మెట్టు దిగారు. ఆ ఆదివారం గోవిందరావు మేక్రో వెళ్ళి, యర్రంశెట్టి సుబ్బాయమ్మగారి ముందు ఆగింది. అతను భోరుమన్నాడు.

"అన్నం తిన్నావా, సుభా?"

"తిన్నాను నాయనా," అంది ముసలావిడ. "నీ పెళ్ళాం ఆ గీత కిందే ఉంది. ఊరుకో, ఏడవకు."

గీత అవతల నుంచి సుభాషిణి గొంతు వినపడుతూనే ఉంది. గీత దాటడానికి మాత్రం మేక్రోలో లేదు.

మర్నాడు అతను తన వరుస పక్కనే ఉన్న సెక్షనుకి పరుగెత్తాడు. అక్కడి క్లర్కు రత్నమాణిక్యంగారు ఫైలు తిప్పి చూసింది.

"మీ మేక్రో సరిగ్గానే పనిచేస్తోందండీ. చెప్పిన నంబరుకే వెళ్తోంది."

"నేను వెళ్ళింది నా భార్య దగ్గరికండీ!"

"మీరలా అనుకున్నారు. దానికి తెలిసింది నంబరే."

ఆ తరవాతి ఆదివారాలన్నీ సుబ్బాయమ్మగారి దగ్గరే గడిచాయి. ఆవిడ మంచి మనిషి. సుభాషిణి మాట్లాడుతుంటే తను దగ్గు కూడా ఆపుకునేది. ఒకరోజు తనే అంది: "నేను పోయి నా వరుస తీసేస్తే, నీ పెళ్ళాం పైకొచ్చేస్తుంది. నువ్వు అడగలేవు గానీ, నాకు తెలుసులే." అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఎందుకంటే అతను అంతకుముందే ఆ లెక్క వేసుకున్నాడు.

వర్షాకాలంలో సుబ్బాయమ్మగారు పోయింది. రత్నమాణిక్యంగారు కబురుచేసి కాగితం ముందుపెట్టింది.

"దగ్గరి మనిషి సంతకం పెడితే ఆ వరుస తీసేస్తాం. రికార్డు ప్రకారం మీరేనండీ."

"నేనా? నాకు ఆవిడేమవుతుంది?"

"భార్య. ఆ నంబరుకి మీరే రాశారుగా."

గోవిందరావు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "పెడితే సుభ పైకొస్తుందా?"

"వస్తుంది. కానీ మీకు భార్య పోయినట్టు నమోదవుతుంది. భార్య లేనివాళ్ళకి ఈ మేక్రో రద్దవుతుందండీ."

"నా భార్య ఆ గీత కింద నిక్షేపంలా ఉందండీ!"

"ఉన్నారండీ, కాదనను. కానీ ఆవిడ మీకు వరుస కాదు." ఆవిడ గొంతులో జాలి కూడా ఉంది. కలం అతని వైపు జరిపింది.

సంతకం పెడితే సుభాషిణి ఆ వరుసలోకి వస్తుంది, తను ఇంక రాలేడు. పెట్టకపోతే గీత ఉంటుంది, గొంతూ ఉంటుంది. గోవిందరావు కలం మూతపెట్టి ఇచ్చేశాడు. ఇలా సంతకం పడని కాగితాలు సెక్షనులో అప్పటికే ఒక బీరువా నిండా ఉన్నాయి.

ఆ ఆదివారం టీ తాగాడు, నాలుక కాలింది. ఎవరూ లేని వరుసలో కూలబడి ఏడ్చాడు.

"అన్నం తిన్నావా, సుభా?"

"తిన్నానండీ," అంది సుభాషిణి, గీత కిందనుంచి. "బెండకాయ పులుసు పెట్టుకున్నాను. మీరు సంతకం పెట్టలేదటగా, ఆఫీసువాళ్ళు చెప్పారు. మంచిపని చేశారు." గొంతు గీత దగ్గరికొచ్చింది. "ఏవండీ, పైన ఇప్పుడెవరూ లేరుగా. ఈ ఒక్కరోజూ వెళ్ళకుండా ఉండిపోకూడదూ?"

ఉండిపోవాలని అతని ప్రాణం కొట్టుకుపోయింది. నోరు మాత్రం, మొదటిరోజు ఆఫీసు కట్టేసే వేళయిందని వాచీ చూసుకుని అన్నమాటే అంది.

"సరే... వెళ్ళొస్తాను."

గీత అవతలికి ‘సరే’ వరకే వినపడినట్టుంది. మేక్రో అతన్ని వెనక్కి లాక్కుపోతుంటే, కింద ఆవిడ రెండో దిండు దులుపుతున్న చప్పుడు వినిపించింది.