పరారీలో ఉన్న మా బావ

వారెంటు అనేది మర్యాద తెలియనివాళ్లు కనిపెట్టిన కాగితం అని నా నిశ్చితాభిప్రాయం. మనింటికి చుట్టం వచ్చేటప్పుడు కాగితం పట్టుకొస్తాడా? తలుపు తోసుకుని వస్తాడు, కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. పోలీసులు మాత్రం జడ్జిగారి సంతకం కోసం పడిగాపులు పడి, అది చేతికొచ్చాక గానీ మన గడప తొక్కకూడదట. ఇంతకన్నా పరాయితనం ఉంటుందా?

అందుకే, పక్క రాష్ట్రంలో నేరం చేసి ఇక్కడికి పారిపోయి వచ్చినవాణ్ని వారెంటు లేకుండానే పట్టుకోవచ్చన్న చట్టాన్ని తలుచుకుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. నమ్మదగిన సమాచారం ఉంటే చాలు. ఎవరికి నమ్మదగినది అని అడుగుతారేమో. పట్టుకునేవాళ్లకి! పట్టుబడేవాడు నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత?

ఈ చట్టం చలవ మా కుటుంబం స్వయంగా అనుభవించింది కనుకే ఇంత ధీమాగా రాస్తున్నాను.

మా అక్క మొగుడు, అంటే మా బావ, తాళాలు బాగుచేస్తాడు. బజారు మలుపులో చిన్న కొట్టు. ఆయన కూర్చుంటే వచ్చినవాళ్లు బయట నిలబడాల్సిందే. గోడ నిండా తాళంచెవులు, ముందు ఆకురాయి, పక్కన నూనె డబ్బా. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఆ కొట్టూ ఇల్లూ తప్ప మూడో చోటు ఎరగడు. బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. సముద్రం చూపించమని అడిగీ అడిగీ విసిగిపోయిన మా అక్క ఇప్పుడు సముద్రం పేరెత్తితేనే కళ్లెర్రజేస్తుంది.

అలాంటి మనిషి దగ్గరికి మొన్న పొద్దున్నే పోలీసులొచ్చి, "పక్క రాష్ట్రం నుంచి పారిపోయి వచ్చావట, పద," అన్నారు.

అక్కడెవరో కాంట్రాక్టరు ఏటి మీద వంతెన కట్టకుండానే కట్టేసినట్టు చూపించి బిల్లులు తీసుకుని ఉడాయించాడట. మా ఊళ్లోనే ఉన్నాడని స్టేషన్‌కి ఫోనొచ్చింది. పేరేమో మా బావ పేరే. ఆనవాళ్లు అంటారా, మధ్యరకం ఎత్తు, చామనఛాయ, మీసం. ఈ ఆనవాళ్లతో వెతికితే మీ వీధిలో ఎంతమంది మిగులుతారో మీరే చెప్పండి. మా వీధిలో ఆడవాళ్లు, పిల్లలు, నేను మిగిలాం. నాకు మీసం సరిగా రాదు.

"నేనెక్కడికీ పారిపోలేదండీ, ఈ కొట్లోనే ఉంటున్నాను," అన్నాడు బావ నింపాదిగా.

"పారిపోయాక ఎక్కడో ఒకచోట ఉండాలిగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బావ నూనె డబ్బాకి మూత పెట్టి లేచాడు.

ఎంత లాభమో చూడండి! నిన్నటిదాకా వీధిలో ఆయన్ని ‘తాళాలాయన’ అనేవారు. టీ చల్లారేలోగా అంతర్రాష్ట్ర నేరస్థుడైపోయాడు. ఈ హోదా కొనుక్కుందామన్నా దొరుకుతుందా? ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణం ఆయనైతే, "నాకెప్పుడూ అనుమానమే. మరీ మంచిగా ఉండేవాడు," అని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

నేనూ అక్కా స్టేషన్‌కి పరుగెత్తాం. మర్నాడు ఆ రాష్ట్రం నుంచి మనుషులొస్తారని, కోర్టులో చూపించి తీసుకెళ్లిపోతారని చెప్పారు. అక్కడ వాయిదాలకు తిరగడం మొదలైతే కొట్టు మూతపడ్డట్టే, కొట్టు మూతపడితే ఇల్లు గడవదు. నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ మాట విన్నప్పటి మా అక్క మొహం నేనింకా మర్చిపోలేదు.

అక్కే తేరుకుని ఇన్‌స్పెక్టరుకి ఎదురెళ్లింది. "ఈయన నన్ను పక్క వీధిలో సినిమాకే తీసుకెళ్లలేదు. పక్క రాష్ట్రం ఎప్పుడెళ్లారండీ?"

"అది ఆయన్నే అడగమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అక్క కటకటాల వైపు తిరిగింది. "వెళ్లారా? నాతో చెప్పకుండా?"

మొగుడి మీద ఇన్నేళ్లలో పుట్టని కుతూహలం పుట్టించిందండీ ఈ చట్టం. ఇంకేం కావాలి?

ఇంతలో బావకి టిఫిన్ ఇద్దామని కానిస్టేబుల్ వెళ్తే లాకప్పు తాళం పట్టేసింది. ఆయన తిప్పాడు, ఇంకొకాయన తిప్పాడు, ఇన్‌స్పెక్టరు తన్నాడు. "ఊళ్లో తాళాలు తీసేవాడెవడైనా ఉంటే పిలవండ్రా," అన్నాడు చివరికి. అందరూ లోపలున్న బావ వైపు చూశారు.

బావ కటకటాల సందులోంచి చేతులు బయటపెట్టాడు. అక్క జడలోంచి పిన్ను తీసిచ్చింది. కాసేపు కెలికాడు. తాళం ఊడి చేతిలోకొచ్చింది. బయటికొచ్చి, దాన్ని తుడిచి బల్ల మీద పెట్టి, "లోపల తుప్పు పట్టిందండీ, కొత్తది వేయించండి," అని మళ్లీ వెళ్లి లోపల కూర్చున్నాడు.

"చూశారా ఎంత సులువుగా తీశాడో. వీడికి పారిపోవడం ఓ లెక్కా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి మాట్లాడాడు. ఊరి చివర కొత్త బంగళా కట్టుకున్న పెద్దమనిషి. ఆ మధ్యే ఎక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డాడు. స్టేషన్‌కి సొంత ఖర్చుతో విశ్రాంతి గది కట్టించాడు, ఆ రోజే దాని ప్రారంభోత్సవం. తీరా బయల్దేరబోతే గేటు తాళం రావడం లేదట. తాళాలాయన్ని వెంటనే పంపమన్నాడు.

అందరం జీపెక్కాం. అక్క కూడా ఎక్కింది. మొగుడి పక్కన కూర్చుని అంత దూరం వెళ్లడం ఆమెకదే మొదలు.

రెండు నిలువుల గేటు. దాని పక్కన పాలరాతి మీద చెక్కిన పేరు మా బావ పేరే. ఊచల వెనక నిలబడ్డాయన మధ్యరకం ఎత్తు, చామనఛాయ, మీసం. నేను ఇన్‌స్పెక్టరు వంక చూశాను. ఇన్‌స్పెక్టరు ఆకాశం వంక చూశాడు.

బావ తాళంలో నూనె పోస్తూ, "తమరు ఇదివరకు ఏం చేసేవారండీ?" అని అడిగాడు.

"వంతెనలు," అన్నాడాయన.

గేటు తెరుచుకుంది. బావ చేతులు తుడుచుకుని పక్కకు తప్పుకున్నాడు. "తీశాను సార్. ఇక మీరు లోపలికెళ్లొచ్చు."

ఇన్‌స్పెక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. "వారెంటు లేకుండా ఒకరింట్లోకి ఎలా వెళ్తామయ్యా? చట్టమంటూ ఒకటుంది కదా," అన్నాడు.

ఆ పెద్దమనిషే, "పనిమంతుడు, వదిలేయండి. వెనక గేటు కూడా చూడాలి," అన్నాడు. బావను వదిలేశారు. పెద్దమనిషి మేమొచ్చిన జీపులో, మా సీట్లో కూర్చుని రిబ్బను కత్తిరించడానికి వెళ్లాడు. మేం నడిచి ఇంటికొచ్చాం. పక్క రాష్ట్రం వాళ్లు ఇంతవరకు రాలేదు. అయినా ఊరు దాటకూడదని బావకి గట్టిగా చెప్పారు. సముద్రం గొడవ శాశ్వతంగా తీరిపోయింది.

కాబట్టి పాఠకులారా, మొదట్లో వారెంటు గురించి తొందరపడి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అమర్యాద కాదు, మహా గౌరవం. అందరికీ దక్కదు, అంతే.

బావ ఇప్పుడు కొట్టుకి గేటు పెట్టించాలనుకుంటున్నాడు. ఎంత ఎత్తు గేటుంటే వారెంటు తెస్తారో స్టేషన్‌లో కనుక్కుని రమ్మని నన్ను పోరుతున్నాడు.