ఆధారాలు రాకముందే నిండిన గళ్ళు

నవ్వనని మాటిస్తే చెప్తాను. మాటివ్వరా? సరే, నవ్వండి. ఊరంతా నవ్వాక మీరెందుకు తగ్గాలి?

మా పేపరులో వచ్చే ఆదివారం గళ్ళనుడికట్టంటే మా ఆవిడ మార్నీకి ప్రాణం. పెన్నుతో నింపుతుంది, ఒక్క కొట్టివేత ఉండదు. నేను పెన్సిలుతో మొదలుపెట్టి రబ్బరుతో ముగిస్తాను. అలాంటి నేను ఆవిడతో పందెం కాశానంటే నా కడుపుమంట ఎంతటిదో అర్థం చేసుకోండి.

ఆ మంట పేరు డెల్బర్టు. నా బావమరిది. ఏటా థాంక్స్‌గివింగ్ పండగకి వాళ్ళింటికే వెళ్ళాలి. వాడు టర్కీ కోడిని వండడు, శిక్షిస్తాడు. సరిగ్గా ఫుట్‌బాల్ మ్యాచి రసపట్టులో ఉండగా టీవీ కట్టేసి, దేవుడికి కృతజ్ఞతలు చెప్పమని అందరి ప్రాణాలూ తోడేస్తాడు. ఒక్క ఏడాదైనా ఆ మ్యాచి మా సోఫాలో కాళ్ళు చాపుకుని పూర్తిగా చూడాలని నా కోరిక.

“ఈసారి పండగ మనింట్లోనే,” అన్నాను.

“అలాగే. ఈ ఆదివారం పజిలు నాకంటే ముందు పూర్తి చెయ్యి, ఇంట్లోనే ఉందాం,” అంది మార్నీ.

“మాట తప్పవుగా?”

“నేనా? అద్దంలో చూసుకుని అడుగు ఆ ప్రశ్న.”

ఇప్పుడు నా తెలివి చూడండి. ఆదివారం పజిలు ఉండే పత్రిక మా ఊళ్ళో శనివారమే ఇంటికి పడుతుంది. మార్నీ మాత్రం ఆదివారం కాఫీ దాకా దాన్ని ముట్టదు. ముందే చూడటం ఆవిడ లెక్కలో చర్చిలో గురక పెట్టడం కన్నా పెద్ద పాపం. నాకు రెండూ అలవాటే.

శనివారం పొద్దున్నే హోబర్టు మంగలి షాపులో వాలాను. వాడికీ ఆ పత్రిక వస్తుంది. సగం గడ్డం గీయించుకున్నవాళ్ళు కూడా నురగతోనే లేచి వచ్చి తలా ఓ చెయ్యి వేశారు. మధ్యాహ్నానికి గళ్ళన్నీ నిండాయి.

“ఆరిన్, ఈ పొడుగు జవాబుల్లో ఓ తమాషా ఉంది, ఆగు చెప్తాను,” అన్నాడు హోబర్టు.

“తమాషా నువ్వే ఉంచుకో, నాకు జవాబులు చాలు,” అని ఆ పేజీ చింపుకుని వచ్చేశాను. సాయంత్రం దాకా గరాజులో కూర్చుని, అడ్డం వరసలన్నీ ఎక్కాల్లా బట్టీ పట్టాను.

ఆదివారం వచ్చింది. చెరో నకలు ఉండాలని మార్నీ పత్రికని ప్రింటరు మీద పెట్టింది. గళ్ళు ఒక పేజీ, ఆధారాలు ఇంకో పేజీ. మా ప్రింటరు ముసలిది, ఒక్కో కాగితాన్నీ దగ్గి దగ్గి కంటుంది. గళ్ళ కాగితం రాగానే లాక్కుని కూర్చున్నాను. అదీ పెన్నుతో! చెయ్యి ఆగితే మరిచిపోతానేమోనని ఊపిరి కూడా తీసుకోలేదు.

“అయిపోయింది!” అని బల్ల గుద్దాను.

మార్నీ ప్రింటరు పక్కనే నిలబడి ఉంది. ఆధారాల కాగితం ఇంకా సగమే బయటికొచ్చింది.

పెన్ను చటుక్కున జేబులో పెట్టేశాను.

“ఆధారాలు చూడకుండానే నింపేశావా మహానుభావా?”

“అనుభవం, మార్నీ. గళ్ళ వాలకం చూస్తే తెలిసిపోతుంది.”

ఆవిడ నా కాగితం తీసుకుని ఒక్కసారి చూసింది. “మరి చేపలు బాగున్నాయా?”

“ఏం చేపలు?”

“ప్రతి పొడుగు జవాబు కడుపులోనూ ఓ చేప పేరు దాక్కుని ఉంది. పజిలంతా దాని మీదే నడిచింది. సరస్సులో నిన్ను మించిన జాలరి లేడని గొప్పలు చెప్తావుగా, కళ్ళ ముందే ఇన్ని చేపలుంటే ఒక్కటీ తగల్లేదా?”

నేను నోరు తెరిచాను. నేనే చేపలా ఉన్నానట.

తిడుతుందనుకున్నాను. నవ్వింది. అది ఇంకా ప్రమాదం. “పందెం పందెమే, నువ్వే గెలిచావు. ఇంట్లోనే ఉందాం,” అని ఫోను తీసింది. “డెల్బర్ట్! మీ బావ ఆధారాలు చూడకుండా పజిలు నింపేశాడురా! ఆ విద్య మీరంతా కళ్ళారా చూడాలి. ఈసారి పండగకి మీరే ఇక్కడికి రండి.”

వచ్చారు. డెల్బర్టు, వాడి పిల్లలు, వాడి అత్తగారు, ఆవిడ కుక్క. మ్యాచి మొదలయ్యేసరికి నా సోఫాలో డెల్బర్టు, వాడి పక్కన కుక్క. నా ముందు కొత్త పజిలు.

“బావా, ఆధారాలు నా దగ్గరే ఉంచుకుంటాను. నువ్వు కానివ్వు,” అన్నాడు వాడు, భక్తిగా. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది. అందరూ నా పెన్ను వంకే చూస్తున్నారు.

దిక్కులేక మార్నీ వంక చూశాను.

“పాపం, ఆయనకి అంట్లు తోమే పనుందిరా,” అంది మార్నీ చల్లగా.

అంట్ల వైపు అంత ఆనందంగా పరిగెత్తిన మగాడు మా వంశంలో లేడు. వంటింట్లో టర్కీ జిడ్డు తోముతుంటే, ముందుగదిలో మ్యాచి హోరు వినిపిస్తూనే ఉంది. ఎవరు గెలిచారో ఇప్పటిదాకా నేను అడగలేదు. అడిగితే మార్నీ, “ఏ పోటీలో?” అంటుంది.